మెక్‌డోవెల్ కౌంటీ: బొగ్గు ఉండగానే జనం ఎందుకు వెళ్ళిపోయారు?

మీరు అడిగింది ఇదీ: మీ చెల్లెలి భర్త డాక్టరు. జె-1 వేవర్ (జె-1 వీసా మీద వచ్చిన డాక్టరు, స్వదేశానికి తిరిగి వెళ్ళే బదులు డాక్టర్లు తక్కువున్న చోట పనిచేస్తే ఇచ్చే మినహాయింపు) కింద వెస్ట్ వర్జీనియాలోని మెక్‌డోవెల్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) చేరే ఆలోచన ఉంది. నెట్‌లో చూస్తే "అమెరికాలో అతి పేద కౌంటీల్లో ఒకటి", "బొగ్గు అయిపోయి ఖాళీ అయిన ఊళ్ళు" అని కనబడి ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. అది ఎలాంటి చోటు, అక్కడ ఎవరుంటారు, ఒకప్పుడు దాదాపు లక్షమంది ఉన్నచోట 2020 నాటికి 19 వేలమందే ఎందుకు మిగిలారు?

నేను పక్కనే మెర్సర్ కౌంటీలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. మంచినీటి పైపులైన్ల డిజైన్ నా వృత్తి. ఆ పని మీద మెక్‌డోవెల్ లోయల్లో చాలా తిరిగాను, అక్కడి మనుషుల ఇళ్ళలో కూర్చుని మాట్లాడాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఒక అపోహ తీసేయాలి. అక్కడ బొగ్గు అయిపోలేదు. ఇవాళ్టికీ తవ్వుతున్నారు, రైళ్ళకెత్తి పంపుతున్నారు. అయిపోయింది బొగ్గుతో మనుషులకున్న పని. ఆ పని పోయినప్పుడు నిలబడటానికి కింద సొంత నేల కూడా వాళ్ళకు లేదు, ఎందుకంటే నేలలో ఎక్కువ భాగం మొదటి నుంచీ బయటి కంపెనీలది. ఈ రెండూ పట్టుకుంటే ఆ కౌంటీ చరిత్ర మొత్తం అర్థమవుతుంది.

భూగోళంతో మొదలుపెడతాను, అక్కడ అన్నిటికీ అదే మూలం కాబట్టి. వెస్ట్ వర్జీనియా రాష్ట్రానికి దక్షిణాన చిట్టచివరి కౌంటీ ఇది. వైశాల్యం సుమారు 535 చదరపు మైళ్ళు, అంటే దాదాపు 1,385 చదరపు కిలోమీటర్లు. దక్షిణం, పడమర వైపు వర్జీనియా సరిహద్దు. అపలాచియన్ పీఠభూమిని లక్షల ఏళ్ళుగా వాగులు కోసుకుంటూ పోగా ఏర్పడిన ప్రాంతం. మ్యాప్‌లో చూస్తే నలిపి విప్పిన కాగితంలా ఉంటుంది. ఒక గుట్ట, దాని పక్కనే ఇరుకైన లోయ, మళ్ళీ గుట్ట. లోయ అడుగున వాగు, వాగు పక్కన రైలు పట్టాలు, పట్టాల పక్కన రోడ్డు. మిగిలిన కాస్త చోట్లో ఒకదాని వెంట ఒకటి ఇళ్ళు. ఈ చిన్న లోయల్ని అక్కడివాళ్ళు "హాలర్" అంటారు. ఎవరినైనా మీదేవూరంటే ఫలానా హాలర్ అనే చెబుతారు.

చదునైన నేల అంటూ దాదాపు లేదు. కౌంటీ కేంద్రం వెల్చ్ పట్నం టగ్ ఫోర్క్ నదిలో ఎల్క్‌హార్న్ క్రీక్ కలిసే చోట ఉంది. వీధులు ఎంత ఇరుకంటే, కార్లు పెట్టడానికి చోటు లేక 1941లోనే మునిసిపాలిటీ బహుళ అంతస్తుల పార్కింగ్ భవనం కట్టింది. దేశంలో మునిసిపాలిటీ సొంతంగా కట్టుకున్న అలాంటి మొదటి భవనం తమదేనని వెల్చ్ వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఈ నేలలో పెద్ద ఫ్యాక్టరీకి చోటు దొరకదు. వ్యవసాయం పెరటి స్థాయి దాటదు. ఇంటర్‌స్టేట్ రహదారి ఈ కౌంటీని తాకకుండా తూర్పున మెర్సర్ మీదుగా పోతుంది. బొగ్గు తర్వాత ఇంకేదో పరిశ్రమ తెచ్చుకోవచ్చు కదా అని మన వాళ్ళు చాలామంది అడుగుతారు. ఒక్కసారి అక్కడి రోడ్డు మీద లారీ వెనకాల ప్రయాణం చేస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

కౌంటీ 1858లో ఏర్పడింది. అప్పటికి ఇదంతా వర్జీనియానే. టాజ్‌వెల్ కౌంటీ నుంచి విడదీసి, వర్జీనియా మాజీ గవర్నర్ జేమ్స్ మెక్‌డోవెల్ పేరు పెట్టారు. అంతర్యుద్ధం నడుమ 1863లో వెస్ట్ వర్జీనియా వేరే రాష్ట్రమైనప్పుడు ఇది అందులోకి వచ్చింది. 1860 జనాభా లెక్కల్లో 1,535 మంది. 1880లో కూడా 3,074 మందే. మొక్కజొన్న, పందులు, వేట, కలప. బయటి ప్రపంచంతో సంబంధం అంతంతమాత్రం.

1873లో ఐజయా వెల్చ్ అనే సర్వేయరు, జెడెడయా హాచ్‌కిస్ పంపగా, ఈ కొండల్లో బొగ్గు పొరలు చూసి వెళ్ళాడు. పోకహాంటస్ 3వ నంబరు పొర అని తర్వాత పేరుమోసిన బొగ్గు అది. పొగ తక్కువ, వేడి ఎక్కువ, ఉక్కు తయారీకి కావలసిన కోక్ చేయడానికి మేలైన రకం. అమెరికా నౌకాదళం తన ఓడలకు ఈ బొగ్గు ఇష్టపడింది. నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే 1883లో పక్కనే వర్జీనియాలో ఉన్న పోకహాంటస్ పట్నం నుంచి మొదటి బొగ్గు తరలించింది. 1888లో ఫ్లాట్ టాప్ కొండ కింద సొరంగం తవ్వి ఎల్క్‌హార్న్ లోయలోకి, అంటే మెక్‌డోవెల్‌లోకి దిగింది. అక్కడి నుంచి లెక్కలు చూడండి: 1890లో 7,300. 1900లో 18,747. 1910లో 47,856. 1920లో 68,571. ముప్పై ఏళ్ళలో తొమ్మిది రెట్లు. అంతకుముందు పెరీవిల్‌లో ఉన్న కౌంటీ కేంద్రం 1892లో ఓటింగుతో, రైలు వచ్చిన వెల్చ్‌కు మారింది. గొడవలవుతాయన్న భయంతో రికార్డులను రాత్రికి రాత్రే బళ్ళలో వేసి తెచ్చారని అక్కడ చెప్పుకుంటారు.

నేల ఎవరిదన్న విషయానికి వస్తాను. ఇది చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో మాత్రం అన్నిటికంటే ముఖ్యం. రైలు రాకముందే ఫిలడెల్ఫియా పెట్టుబడిదారులు కొండల్ని వేల ఎకరాల చొప్పున చవగ్గా కొనేశారు. అమ్మిన రైతుకు కింద ఏముందో, దాని విలువెంతో తెలియదు. ఆ నేలలో చాలా భాగం ఫ్లాట్ టాప్ అనే భూసంస్థ చేతికి చేరింది. 1901లో దాన్ని రైల్వే కంపెనీయే కొనేసింది. ఆ తర్వాత గనుల కంపెనీలు కూడా యజమానులు కావు, కౌలుదారులే. తవ్విన ప్రతి టన్నుకూ రాయల్టీ కట్టాలి, తవ్విన బొగ్గును అదే రైలు మీద పంపాలి. యు.ఎస్. స్టీల్ అంతటి సంస్థ కూడా ఇక్కడ సుమారు 50 వేల ఎకరాలు కౌలుకే తీసుకుంది. ఆ సంస్థ ఛైర్మన్ ఎల్బర్ట్ గేరీ పేరుతో గేరీ పట్నం కట్టింది.

గని కార్మికుడికి మిగిలిందేమిటి? ఇల్లు కంపెనీది, అద్దె జీతంలో కోత. సరుకులు కంపెనీ కొట్లో, చాలాచోట్ల డాలర్లకు బదులు కంపెనీ ముద్రించిన స్క్రిప్ బిళ్ళలతో. బడి, చర్చి, నీళ్ళ ట్యాంకు, పైపులు అన్నీ కంపెనీ వేసినవే. పని ఉన్నన్నాళ్ళూ బాగానే ఉన్నట్టుంటుంది. కంపెనీ వెళ్ళిపోయిన రోజున ఆ పైపులు ఎవరివి? నా వృత్తి జీవితంలో సగం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే గడిచింది. కంపెనీ వదిలేసిన లైన్లను చిన్న చిన్న పట్నాలో, నీటి సంఘాలో తీసుకున్నాయి. వాటికి మరమ్మతు చేయించే డబ్బు లేదు, చందా కట్టే ఇళ్ళు ఏటేటా తగ్గుతున్నాయి. అందుకే కొన్ని లోయల్లో ఇప్పటికీ నీళ్ళు కాచుకుని తాగమని నెలల తరబడి నోటీసులు ఉంటాయి. రోడ్డు పక్క కొండ ఊట దగ్గర జనం డబ్బాలు నింపుకుంటూ కనిపిస్తారు.

ఇంత పని ఎవరు చేశారంటే, రకరకాల జనం. కొండల్లోని తెల్లవాళ్ళు, ఇటలీ, హంగేరీ, పోలండ్ నుంచి వచ్చినవాళ్ళు, వర్జీనియా, నార్త్ కరోలినా, అలబామా వంటి దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చిన నల్లజాతివాళ్ళు. 20వ శతాబ్దం మొదటి సగంలో కౌంటీ జనాభాలో దాదాపు నాలుగో వంతు నల్లజాతివాళ్ళే. అపలాచియా, అంటే ఈ కొండల ప్రాంతమంతా, తెల్లవాళ్ళదే అన్న అభిప్రాయం మన వాళ్ళలోనూ ఉంది. మెక్‌డోవెల్ విషయంలో అది నిజం కాదు.

నల్లజాతివాళ్ళు ఇక్కడికి రావడానికి గట్టి కారణం ఉంది. బొగ్గు టన్నుకు ఇంత అని కూలి. టన్ను ఎవరు తవ్వినా ఒకటే రేటు. దక్షిణాదిలో నల్లజాతివాళ్ళ ఓటు హక్కును చట్టాలతో, దౌర్జన్యంతో లాగేసుకుంటున్న రోజుల్లో వెస్ట్ వర్జీనియాలో వాళ్ళు ఓటు వేయగలిగారు. బళ్ళు మాత్రం ఇక్కడా వేరువేరే. కీస్టోన్ పట్నం నుంచి మెక్‌డోవెల్ టైమ్స్ అనే నల్లజాతి పత్రిక వచ్చేది. దాని సంపాదకుడు ఎం.టి. విట్టికో ఈ కౌంటీని "స్వేచ్ఛా రాజ్యం మెక్‌డోవెల్" అని పిలిచాడు. ఓటు ఉంటే ఏమవుతుందో చూడండి. 1928లో ఇక్కడి శాసనసభ్యుడు చనిపోతే గవర్నరు ఆయన భార్య మిన్నీ బకింగ్‌హామ్ హార్పర్‌ను ఆ స్థానంలో నియమించాడు. అమెరికా మొత్తంలో ఏ శాసనసభలోనైనా కూర్చున్న తొలి నల్లజాతి మహిళ ఆమే. అదే ఏడు కింబల్ పట్నంలో మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన నల్లజాతి సైనికుల స్మారక భవనం తెరిచారు. దేశంలో అలాంటిది అదే మొదటిది. పెద్ద స్తంభాలతో, కొండవాలు మీద నిలబడి ఉంటుంది. 1991లో కాలిపోతే మళ్ళీ బాగుచేసుకున్నారు. మీ వాళ్ళు అక్కడికి వెళితే మొదటి వారంలోనే చూడమని చెప్పండి.

ఇంకో మాట కూడా చెప్పకుండా ఉండలేను. నార్త్‌ఫోర్క్ అనే చిన్న ఊరి హైస్కూలు 1974 నుంచి 1981 దాకా వరుసగా ఎనిమిదేళ్ళు రాష్ట్ర బాస్కెట్‌బాల్ ఛాంపియన్. కొన్ని వందలమంది పిల్లలున్న బడి. గెలిచిన కొన్నేళ్ళకే పిల్లలు చాలక ఆ బడి మూసేశారు. అక్కడి పెద్దవాళ్ళతో మాట కలపాలంటే ఈ జట్టు గురించి అడిగితే చాలు, గంటసేపు చెబుతారు.

గనుల్లో ప్రాణాలకు విలువ తక్కువగా ఉండేది. 1940 జనవరి 10న బార్ట్‌లీ గనిలో పేలుడు జరిగి 91 మంది చనిపోయారు. యూనియన్ పెట్టుకోవడం కూడా ప్రాణాంతకమే. పక్క మింగో కౌంటీలోని మేట్‌వాన్ పోలీసు చీఫ్ సిడ్ హాట్‌ఫీల్డ్ కార్మికుల పక్షాన నిలిచాడు. 1920 మేలో బాల్డ్విన్-ఫెల్ట్స్ అనే ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీ మనుషులతో అక్కడ కాల్పులు జరిగాయి. 1921 ఆగస్టు 1న వేరే కేసు మీద వెల్చ్ కోర్టుకు వచ్చిన అతన్నీ, స్నేహితుడు ఎడ్ చేంబర్స్‌నూ కోర్టు మెట్ల మీదే, భార్యల ఎదుటే, ఆ ఏజెన్సీ మనుషులు కాల్చి చంపారు. ఆ నెలాఖరుకే వేలమంది కార్మికులు తుపాకులు పట్టుకుని కదిలారు. బ్లెయిర్ కొండ దగ్గర జరిగిన పోరాటం అదే. మెక్‌డోవెల్ గనుల్లో యూనియన్ నిలదొక్కుకున్నది మాత్రం 1933లో, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కును చట్టంలో చేర్చాకే. ఆ కోర్టు భవనం, ఆ మెట్లు ఇప్పటికీ ఉన్నాయి.

మీ అసలు ప్రశ్న, లక్షమంది ఏమయ్యారని. 1950 లెక్కల్లో 98,887 మంది. అదే శిఖరం. 1960లో 71,359. 1970లో 50,666. ఇరవై ఏళ్ళలో దాదాపు సగం. గనులు ఎండిపోయినందుకు కాదు. మూడు కారణాలు ఒకేసారి కలిశాయి. ఒకటి, ఇళ్ళు వెచ్చబెట్టుకోవడానికి బొగ్గుకు బదులు గ్యాసు, ఆయిలు వచ్చాయి. రెండు, బొగ్గుకు పెద్ద గిరాకీ అయిన రైళ్ళే ఆవిరి వదిలి డీజిల్‌కు మారాయి. నార్ఫోక్ అండ్ వెస్టర్న్ చివరిదాకా పట్టుబట్టి ఆవిరి ఇంజన్లే నడిపింది, అదీ 1960తో ఆగింది. మూడోది, అన్నిటికంటే పెద్దది, యంత్రం. 1940ల చివర్లో వచ్చిన కంటిన్యువస్ మైనర్ అనే యంత్రం మందుగుండుతో పనిలేకుండానే బొగ్గు తవ్వడం, ఎత్తడం రెండూ తనే చేస్తుంది. పారలతో పనిచేసే పదుల మంది స్థానంలో కొద్దిమంది చాలు. 1950లో గని కార్మికుల యూనియన్ నాయకుడు జాన్ ఎల్. లూయిస్ కంపెనీలతో ఒప్పందం చేసుకున్నాడు. జీతాలు పెంచండి, వైద్యానికీ పింఛనుకూ నిధి పెట్టండి, యంత్రాలకు మేం అడ్డు రామన్నాడు. మిగిలినవాళ్ళకు అది మేలే చేసింది. తీసేసినవాళ్ళకు ఏమీ లేదు. రాష్ట్రం మొత్తంలో 1948 ప్రాంతంలో లక్షా పాతిక వేలమంది దాకా ఉన్న గని కార్మికులు 1960ల మొదట్లోకి వచ్చేసరికి 45 వేల లోపుకు పడిపోయారు. బొగ్గు ఉత్పత్తి అంతలా తగ్గలేదు.

కొత్తగూడెం, గోదావరిఖని వైపువాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. సింగరేణిలో 1990 ప్రాంతంలో లక్ష దాటి ఉన్న ఉద్యోగులు ఇప్పుడు 40 వేల చిల్లర, బొగ్గు మాత్రం అప్పటికంటే కొన్ని రెట్లు ఎక్కువ. కాకపోతే సింగరేణి ప్రభుత్వ సంస్థ, అక్కడ లాభంలో వాటా అడిగే వీలుంది. మెక్‌డోవెల్‌లో ఆ వీలు లేకపోయింది.

మొదట పోయినవాళ్ళు నల్లజాతివాళ్ళు. యంత్రాల మీద పని వాళ్ళకు ఇవ్వడం తక్కువ, ఉద్యోగాల కోత ముందు వాళ్ళమీదే పడింది. జనం డెట్రాయిట్, క్లీవ్‌ల్యాండ్, షికాగో, బాల్టిమోర్ దారి పట్టారు. వెళ్ళినవాళ్ళు పనిచేసే వయసువాళ్ళు. ఉండిపోయినవాళ్ళలో ముసలివాళ్ళు, ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు ఎక్కువ.

1960 వసంతంలో అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం వెస్ట్ వర్జీనియాలో ప్రచారం చేస్తూ జాన్ కెనడీ ఈ లోయలు తిరిగాడు, వెల్చ్‌లో మాట్లాడాడు. చూసినది ఆయన మర్చిపోలేదు. అధ్యక్షుడయ్యాక మొదటి ఆదేశం పేదలకు ఆహార పంపిణీ పెంచడం గురించే. 1961 మే 29న దేశంలో కొత్త ఫుడ్ స్టాంప్ (పేదలు ఆహారం కొనుక్కునే కూపన్లు) ప్రయోగంలో మొట్టమొదటి స్టాంపులు మెక్‌డోవెల్‌లో, 13 మంది పిల్లలున్న ఒక నిరుద్యోగ గని కార్మికుడి కుటుంబానికి అందాయి. విలువ 95 డాలర్లు. ఇవాళ అమెరికాలో కోట్లమంది వాడే ఆహార సహాయ పథకం మొదలైంది అక్కడే. దేశానికి అంత బొగ్గు ఇచ్చిన కౌంటీ పేరు, ఆకలి పథకానికి మొదటి చిరునామాగా నిలిచిపోయింది. నాకు అది ఎప్పుడు తలచుకున్నా బాధగా ఉంటుంది.

1970లలో చమురు సంక్షోభం వచ్చి బొగ్గుకు మళ్ళీ గిరాకీ పెరిగింది. అందుకే 1980లో జనాభా 49,899, దాదాపు పదేళ్ళ కిందటంతే. జనం తగ్గకుండా నిలిచిన దశాబ్దం 1950 తర్వాత అదొక్కటే. ఆ వెంటనే అమెరికా ఉక్కు పరిశ్రమ కుప్పకూలింది. 1980ల మధ్యకల్లా యు.ఎస్. స్టీల్ గేరీ గనులను వదిలి వెళ్ళిపోయింది. 1990లో జనాభా 35,233, 2000లో 27,329. 2001 జూలైలో, 2002 మేలో వరుసగా రెండు పెద్ద వరదలు వచ్చాయి. చదును నేల అంతా వాగు ఒడ్డునే కాబట్టి ఇళ్ళు, దుకాణాలు, పైపులైన్లు అన్నీ కొట్టుకుపోయాయి. చాలామంది మళ్ళీ కట్టుకోలేదు. 2025 ఫిబ్రవరిలో మరోసారి వెల్చ్ చుట్టూ అదే జరిగింది. కింబల్‌లో ఉన్న వాల్‌మార్ట్ 2016 జనవరిలో మూతపడింది. బయటివాళ్ళకు అది చిన్న వార్త. ఇక్కడ మాత్రం సుమారు 140 ఉద్యోగాలు, తాజా కూరగాయలు, పాలు దొరికే పెద్ద చోటు ఒకేసారి పోయాయి.

రాజకీయాల గురించి ఒక్క ముక్క. 2008లో ఇక్కడ మెజారిటీ ఒబామాకే వచ్చింది. 2016లో దాదాపు 75 శాతం ఓట్లు ట్రంప్‌కు పడ్డాయి. ఎవరొస్తే పని వస్తుందా అని వెతుక్కుంటున్న జనం అని నేను అర్థం చేసుకున్నాను.

2020 లెక్క 19,111. అంటే 1950తో పోలిస్తే ఐదో వంతు కూడా లేదు. ఇందులో ఒక మెలిక ఉంది. కౌంటీలో ఒక ఫెడరల్ జైలు, వెల్చ్‌లో ఒక రాష్ట్ర జైలు ఉన్నాయి. అమెరికా జనగణనలో ఖైదీని అతను ఉన్న జైలు చిరునామాలోనే లెక్కిస్తారు. కాబట్టి ఇళ్ళలో కాపురాలు చేసుకుంటున్నవాళ్ళ సంఖ్య ఆ 19 వేల కంటే ఇంకా తక్కువ. వయసు పంపకం, ఆదాయం లెక్కలు చదివేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. దాదాపు మూడో వంతుమంది పేదరిక రేఖకు దిగువన ఉన్నారు. 2010 నాటి లెక్కల ప్రకారం ఇక్కడి మగవాళ్ళ సగటు ఆయుష్షు 63.9 ఏళ్ళు, దేశంలోనే అట్టడుగు స్థాయి. గనిలో నడుం విరిగినవాళ్ళకు నొప్పి మాత్రలు విచ్చలవిడిగా రాసిన రోజుల నుంచి మొదలైన మత్తు సమస్య ఒక తరాన్ని తినేసింది. అమ్మమ్మ తాతయ్యల చేతుల్లో పెరుగుతున్న పిల్లలు ప్రతి బడిలోనూ ఉన్నారు.

అయినా అక్కడ జీవితం ఆగిపోలేదు. ఉక్కుకు వాడే బొగ్గు గనులు నడుస్తున్నాయి. ఆ రైళ్ళు వర్జీనియాలోని నార్ఫోక్ రేవుకు వెళతాయి, అక్కడి నుంచి ఓడల్లో విదేశాలకు. అమెరికా బొగ్గును ఎక్కువగా కొనే దేశాల్లో మన దేశమూ ఒకటి. మనకు మేలైన కోకింగ్ కోల్ తక్కువ, విశాఖ ఉక్కు సహా మన కర్మాగారాలు దిగుమతి మీదే ఆధారపడతాయి. కొండల మీద హాట్‌ఫీల్డ్-మెకాయ్ ట్రెయిల్స్ పేరుతో నాలుగు చక్రాల బళ్ళు నడిపే దారులు వేశారు. వారాంతాల్లో ఒహాయో, నార్త్ కరోలినా నుంచి జనం వస్తారు. పాత ఇళ్ళను అద్దె గదులుగా మార్చి కొంతమంది బతుకుతున్నారు. బడుల నిర్వహణను 2001లో రాష్ట్రం తన చేతుల్లోకి తీసుకుంది, 2013లో తిరిగి ఇచ్చింది. బయటి నుంచి వచ్చే టీచర్లకు అద్దె ఇళ్ళు దొరక్క ఉండటం లేదని, వెల్చ్‌లో వాళ్ళ కోసం కొత్త అపార్ట్‌మెంట్లు కట్టారు. వరదల తర్వాత ప్రభుత్వం రాకముందే చర్చిల వాళ్ళూ, పొరుగువాళ్ళూ పారలు పట్టుకుని వచ్చి బురద ఎత్తడం నేను కళ్ళారా చూశాను.

ఇక మీ మరిదిగారి సంగతి. ఇక్కడ డాక్టరు అవసరం నిజమైనది, కాగితం మీద లెక్క కాదు. గని కార్మికుల కోసం రాష్ట్రం 1899లో చట్టం చేసి మూడు ఆసుపత్రులు పెట్టింది, అందులో ఒకటి వెల్చ్‌లోనే. అప్పటి నుంచీ ఈ కొండల్లో వైద్యం బయటి నుంచి వచ్చినవాళ్ళ మీదే చాలావరకు నడిచింది. మా బ్లూఫీల్డ్, బెక్లీ వైపు భారతీయ డాక్టర్లు, అందులో తెలుగువాళ్ళు, చాలా ఏళ్ళుగా ఉన్నారు. వేవర్‌కు రాష్ట్రం ద్వారా వెళ్ళే కాన్రాడ్ 30 దారి మీకు తెలిసే ఉంటుంది. అది కాక అపలాచియన్ రీజనల్ కమిషన్‌కు సొంత వేవర్ కార్యక్రమం ఉంది, ప్రైమరీ కేర్ డాక్టర్లకు అది కూడా చూడమనండి. రెండింట్లోనూ మూడేళ్ళు పనిచేయాలి.

రోగులు ఎలా ఉంటారంటే, మొదట మాట తక్కువ. నమ్మితే ఇంట్లో మనిషిని చేసుకుంటారు. రాసిచ్చిన మందు వాడకపోతే మొండితనం అనుకోవద్దు, పెట్రోలుకు డబ్బు లేక మందుల షాపు దాకా వెళ్ళలేకపోయి ఉండవచ్చు. చిన్న జబ్బుకైనా ఎక్కడ ఉంటారు, నీళ్ళెక్కడివి, ఎవరు తీసుకొచ్చారు అని అడిగే డాక్టరే అక్కడ నిలబడతాడు. బొగ్గు ధూళి జబ్బు కేసుల్లో పరిహారానికి కాగితాలు జాగ్రత్తగా రాయాల్సి ఉంటుంది. అది ముందే నేర్చుకుంటే ఎన్నో కుటుంబాలకు మేలు.

కాపురం విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. చిన్నపిల్లలు ఉండి, మీ చెల్లెలు కూడా ఉద్యోగం చేయాలనుకుంటే, మా మెర్సర్ కౌంటీలోని బ్లూఫీల్డ్ లేదా ప్రిన్స్‌టన్‌లో ఉండి రోజూ వెళ్ళి రావడం తేలిక. దాదాపు గంట ప్రయాణం. చలికాలంలో మంచు పడితే ఆ కొండ రోడ్ల మీద ఇంకా ఎక్కువ. చాలా లోయల్లో ఫోను సిగ్నల్ ఉండదు, కాబట్టి కారులో దుప్పటి, టార్చి, నీళ్ళు తప్పనిసరి. ఆన్‌కాల్ డ్యూటీ ఉంటే ఇంత దూరం కుదరదు, అప్పుడు వెల్చ్‌లోనే ఇల్లు చూసుకోవాలి. ఆన్‌కాల్ ఎన్ని రాత్రులో ఒప్పందంలో రాయించుకున్నాకే ఇల్లు వెతకమనండి.

ఇల్లు చూసేటప్పుడు రెండు విషయాలు అడగాలి. 2001, 2002, 2025 వరదల్లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఇంటివాళ్ళనూ, పక్కింటివాళ్ళనూ అడగండి. మ్యాప్ కంటే పక్కింటి మనిషి మాట ఎక్కువ నమ్మొచ్చు. రెండోది, కుళాయి నీళ్ళు ఏ సంస్థ లైన్ నుంచి వస్తున్నాయో, మురుగు ఎక్కడికి పోతోందో. పాత ఇళ్ళలో కొన్నింటికి మురుగు పైపు నేరుగా వాగులోకే ఉంటుంది. ఆ ఇల్లు, ఊరు పేరు ఖాయమయ్యాక ఇక్కడ రాయండి. అక్కడి నీటి లైను పరిస్థితి నాకు తెలిసినంతవరకు చెబుతాను.